పెదనాన్న వదిలేసిన కారు నష్టం

ఇబ్తిహాల్ కారును గుద్దింది ఖైస్ అనే కుర్రాడు. ఆ విషయంలో ఎవరికీ ఏ అనుమానమూ లేదు. యాజూజ్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆమె కారు ఆగి ఉంటే, ఫోను చూసుకుంటూ వచ్చి తన జీపుతో వెనక ఎడమ పక్కన గుద్దేశాడు. ట్రాఫిక్ పోలీసు వచ్చి, రోడ్డు బొమ్మ గీసి, తప్పంతా జీపుదేనని రాశాడు. ఖైస్ కాదనలేదు. కాదనడానికి అక్కడ ఏమీ లేదు.

ముందు సీట్లో ఇబ్తిహాల్ తల్లి తమామ్ కూర్చుని ఉంది. కుదుపుకి ముందుకు తూలి చెయ్యి అడ్డం పెట్టుకోవడంతో కుడి మణికట్టు విరిగింది.

ఇబ్తిహాల్ మా జర్ఖా ఊళ్ళోనే, మా ఎదురింట్లో ఉంటుంది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. ముప్ఫై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయాడు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళ ల్యాబులో తల వంచుకుని పళ్ళు చెక్కి, ఆ డబ్బుతో ఒక హైబ్రిడ్ కారు కొనుక్కుంది. దాన్ని ఆమె చూసుకున్న తీరు వీధంతా ఎరుగుదుం. ఎండలో నిలపదు. ఇంకొకరికి తాళం ఇవ్వదు. అది పిచ్చి కాదు, లెక్క. కారు అమ్మి, ఆ డబ్బుతో స్నేహితురాలితో కలిసి సొంత ల్యాబు పెట్టుకోవాలని ఆమె ఆలోచన. కొనేవాళ్ళు కూడా కుదిరారు. మందుల షాపు హనాదీ పండగ వెళ్ళగానే తీసుకుంటానంది.

మా దగ్గర పాత కారు కొనేవాడు రంగు చూసి మోసపోడు. పరీక్ష కేంద్రానికి తీసుకెళ్ళి కింద నుంచి చూపిస్తాడు. చాసీకి, అంటే కారు అడుగు చట్రానికి, నాలుగు కొసలుంటాయి. నాలుగింటికీ ఎదురుగా 'బాగుంది' అని రాసిస్తే ఆ కారుకు తిరుగులేదు. ఒక్క కొసకు దెబ్బ అని పడిందా, ఎంత మెరిసినా దాని ధర పడిపోయినట్టే.

ఖైస్ జీపుకు బీమా ఉంది. ఆ కంపెనీ ఇబ్తిహాల్ కారును బాగుచేయించింది. గ్యారేజీవాళ్ళు చక్కగా చేశారు. తలుపు వేస్తే వచ్చే చప్పుడు కూడా మారలేదు. హనాదీ వచ్చి చుట్టూ తిరిగి చూసి ముచ్చటపడి, పరీక్షకు తీసుకెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం మాడిపోయి ఉంది. వెనక ఎడమ కొస, దెబ్బ తగిలి సరిచేసినది, అని రాశారట.

"నువ్వు కావలసినదానివే, నేను కాదనను," అంది హనాదీ. "రేపు నేను అమ్ముకోబోతే నన్నూ ఇలాగే నిలదీస్తారు కదా. మూడు వేలు తగ్గించుకుంటే తీసుకుంటాను."

మూడు వేల దినార్లంటే ల్యాబులో పళ్ళు కాల్చడానికి కావలసిన పింగాణీ కొలిమి ధర. ఇబ్తిహాల్ హనాదీని తప్పు పట్టలేదు. ఆమె స్థానంలో ఉంటే తనూ అదే అనేది. కోపం వెళ్ళవలసిన చోటికే వెళ్ళాలని మర్నాడు బీమా కంపెనీకి వెళ్ళింది.

అక్కడి గుమాస్తా, కారు బాగు చేయించాక ఇంకా ఏం కావాలని అడిగాడు. కారు బాగయింది గాని ధర బాగవలేదని ఈమె చెప్పింది. గుద్దినవాళ్ళ బీమా ఆ పడిపోయిన ధర కూడా కట్టాలని అతనికి తెలియక కాదు. తెలిసినవాళ్ళకు ఒక మాట, తెలియనివాళ్ళకు ఒక మాట. ఈమెకు తెలుసని అర్థమయ్యాక లోపలికి వెళ్ళివచ్చి, నాలుగు వందలు ఇస్తామన్నాడు.

"అది కూడా మా దయ అనుకోండి మేడం."

"దయ అవసరమైతే మసీదు ముందు కూర్చునేదాన్ని," అంది ఇబ్తిహాల్. "నాకు నా నష్టం కావాలి."

సవ్‌సన్ అనే లాయరును పట్టుకుని కోర్టులో కేసు వేసింది. కోర్టు నిపుణులను నియమించి, కారు ధర ఎంత పడిందో తేలుస్తుందని, ఇందులో ఓడిపోయేదేమీ లేదని సవ్‌సన్ చెప్పింది. నిజానికి అంతటితో అయిపోవలసిన కథే ఇది.

అయితే తమామ్ చెయ్యి విరిగింది కాబట్టి పోలీసుల దగ్గర ఖైస్ మీద వేరే ఫిర్యాదు నడుస్తోంది. ఖైస్‌కు కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. మీద కేసు ఉంటే పోలీసులు మంచి నడవడి పత్రం ఇవ్వరు, పత్రం లేకపోతే వీసా రాదు. అతని తండ్రి అబూ ఖైస్ కాంట్రాక్టరు, నలుగురినీ ఎరిగినవాడు. ఆయన ఇబ్తిహాల్ పెదనాన్న అబూ మన్సూర్‌కు కబురు పంపాడు. ఫలానా శుక్రవారం పెద్దమనుషులను వెంటబెట్టుకుని రాజీ కోసం వస్తామన్నాడు.

అబూ మన్సూర్ ఆ ఇంటికి పెద్ద. తమ్ముడు పోయినప్పటి నుంచి ఈ తల్లీకూతుళ్ళకు మగదిక్కు తనేనని పదిమందిలో చెప్పుకునే మనిషి. చెప్పుకున్నంతా చేశాడా అంటే, పండగకు ఒక మాంసం పొట్లం పంపేవాడు, ఎవరైనా చస్తే ముందు నిలబడేవాడు. చెడ్డవాడు కాదు. నలుగురూ చూస్తుంటే మాత్రం అతని చెయ్యి మరీ పెద్దదైపోతుంది.

గురువారం నాడు ఇబ్తిహాల్ అతనింటికి వెళ్ళింది. అమ్మ చెయ్యి సంగతి నీ ఇష్టం, కారు ఊసు మాత్రం ఎత్తొద్దని స్పష్టంగా చెప్పింది. కారు కేసు ఖైస్ మీద కాదని, కంపెనీ మీదనీ కూడా చెప్పబోయింది. అబూ మన్సూర్ తస్బీ పూసలు తిప్పుతూ, ఈ ముక్క నాకు నువ్వు చెప్పాలా, వెళ్ళి నీ పని చూసుకో అని పంపేశాడు.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నలభై మందికి పైగా వచ్చారు. అబూ మన్సూర్ ఇంటి ముందు వీధికి అడ్డంగా షామియానా వేసి, కుర్చీలు ఎదురెదురుగా వేశారు. వచ్చినవాళ్ళ తరఫున మాట్లాడటానికి సైన్యంలో పెద్ద హోదాలో చేసి దిగిపోయిన ఒక పాషాను తెచ్చారు. ఆడవాళ్ళంతా వంటింట్లో ఉన్నారు. వంటింటి కిటికీ షామియానా పక్కకే తెరుచుకుంటుంది, కాబట్టి ఇబ్తిహాల్‌కు ప్రతి మాటా వినిపించింది. ఆ మాటలు తమామ్ కూడా విన్నది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది.

పాషా ముందు కాఫీ కప్పు పెట్టారు. ఆయన ముట్టుకోలేదు. అడిగింది ఇస్తామంటేనే తాగడం పద్ధతి. ఆయన అడిగింది ఒక్కటే. కుర్రాడి తప్పు మన్నించి, అమ్మగారి చెయ్యి గురించి పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాడు. ఆ కుర్రాడు అక్కడ లేడు. గుద్దినవాడు తన ఇంట్లో కూర్చున్నాడు, గుద్దించుకున్నవాళ్ళు వంటింట్లో కూర్చున్నారు.

అబూ మన్సూర్ లేచి అంగీ సర్దుకున్నాడు.

"పాషా, మీరు మా గుమ్మం తొక్కడమే మాకు ఎక్కువ," అన్నాడు. "చెయ్యి వదిలేశాం. ఆసుపత్రి ఖర్చు వదిలేశాం. కారూ, దాని నష్టమూ, కోర్టులో ఉన్న కేసూ, అన్నీ మీ ముఖం చూసి వదిలేశాం. కాఫీ తాగండి."

పాషా ఒక క్షణం ఆగాడట, అడగనిది కూడా చేతిలో పడినందుకు. తరవాత తాగాడు. నీ ముఖం ఎప్పుడూ తెల్లగా, పరువుతో ఉండాలి అబూ మన్సూర్ అని మగవాళ్ళందరూ దీవించారు. అబూ ఖైస్ తరఫు కుర్రాడెవడో ఇదంతా ఫోనులో తీస్తున్నాడు.

వంటింట్లో ఇబ్తిహాల్ బయటికి వెళ్ళబోయింది. పెద్దమ్మ ఉమ్ మన్సూర్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంతమంది మగవాళ్ళ ముందు అల్లరి చెయ్యకని బతిమాలింది. ఆవిడ వయసు చూసి ఈమె తోసుకుని వెళ్ళలేకపోయింది. ఆఖరి కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు బయటికి వచ్చింది. ఖాళీ కుర్చీల మధ్య అబూ మన్సూర్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ముఖం వెలిగిపోతూ.

"కారు ఎవరడిగారు పెదనాన్నా?"

"నలభై మంది ఇంటికొస్తే దినార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోమంటావా?"

"లెక్కపెట్టమనలేదు. ముట్టుకోవద్దన్నాను."

"మీ నాన్నే ఉంటే ఇంతకంటే ఎక్కువ ఇచ్చేవాడు."

"మా నాన్నుంటే నన్ను అడిగేవాడు." ఆమె ఒక్కో కుర్చీ వీపు మీద చెయ్యి వేస్తూ నడిచింది. "ఆ నష్టం కట్టాల్సింది అబూ ఖైస్ కాదు. బీమా కంపెనీ. నిన్న చెప్పబోతే విన్లేదు. ఇప్పుడు చెప్పు, కంపెనీవాళ్ళు ఎవరైనా వచ్చారా ఇవాళ? ఏ కుర్చీలో కూర్చున్నారు? నీ కాఫీ తాగారా? అబూ ఖైస్‌కి ఒక్క దినారు మిగల్లేదు నీ దానంతో. ముక్కూ ముఖం తెలియని కంపెనీకి ఇచ్చావు నా కష్టాన్ని."

అతనికి ఆ సంగతి తెలియదని ముఖం చూస్తేనే తెలిసింది. తెలిశాక అయినా తగ్గి ఉంటే ఈ కథ వేరే దారిన పోయేది. అతను తగ్గలేదు. మాట బయటికి వచ్చాక మాటే, కేసు తీసేయమన్నాడు. తీయనంది. అయితే నా గడప తొక్కొద్దన్నాడు. తొక్కనంది.

ఇంటికి వచ్చాక కూడా ఆ కోపం దిగలేదు. గిన్నెలు కడుగుతూ పెదనాన్నను తిట్టింది, పాషాను తిట్టింది, అడ్డం నిలబడిన పెద్దమ్మను తిట్టింది. తమామ్ చాలాసేపు విన్నది. మెత్తని మనిషి, ఎప్పుడూ పోనీలే అనే మనిషి. ఇప్పుడూ పోనీలే అంటుందనే ఇబ్తిహాల్ అనుకుంది, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది.

"కారు గురించి ముందే చెప్పొచ్చావు కదా మీ పెదనాన్నకి," అంది తమామ్. "నా చెయ్యి గురించి ఏం చెప్పావు?"

"అది ఆయన ఇష్టం అన్నాను."

"ఎవరి చెయ్యి అది?"

ఇబ్తిహాల్ గిన్నె పక్కన పెట్టి తల్లి వైపు తిరిగింది.

"విరిగింది నాకు," అంది తమామ్. "అన్నం పెట్టి ద్రాక్షాకు చుట్టలేను. జడ వేసుకోలేను. నమాజుకు ముందు వజూ చేసుకోవాలంటే నువ్వు నీళ్ళు పొయ్యాలి. నువ్వు మీ పెదనాన్నకిచ్చావు, ఆయన పాషాకిచ్చాడు. మధ్యలో నన్ను అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. నీకు కారొక్కటే పోయింది."

తల్లి గొంతులో అలాంటి మంట ఇబ్తిహాల్ అంతకు ముందు వినలేదట. తప్పైపోయిందని చెప్పింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కోపగించుకున్నవాళ్ళు ఒకరు కాదు, ఇద్దరు.

కోర్టు వాయిదా నాటికి కంపెనీ లాయరు ఆ శుక్రవారం వీడియో పట్టుకొచ్చాడు. ఖైస్ బంధువు దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టాడు, వందలమంది మెచ్చుకున్నారు. ఇంటి పెద్దే అన్నీ వదిలేశాక ఇంక కేసెక్కడిదని లాయరు వాదించాడు. కారు ఆమె పేరున ఉంది, వదిలే హక్కు ఆయనకెక్కడిదని సవ్‌సన్ వాదించింది. ఆమె తరఫునే మాట్లాడానని ఆ పెద్దాయన చెబితే అప్పుడేమంటారని వాళ్ళు తిరగేశారు. జడ్జి ఇద్దరినీ ఆపి, అబూ మన్సూర్‌ను సాక్షిగా పిలవమన్నాడు.

సమన్లు అందిన రోజున చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తి పెంచిన పెదనాన్నను కోర్టుకీడ్చావా అని ఒకరు. డబ్బు పిచ్చి పట్టిందని ఒకరు. మగాడు లేని ఇంట్లో ఇలాగే ఉంటుందని ఒకరు. ఇబ్తిహాల్ మొదట జవాబులు చెప్పింది, తరవాత ఫోను తీయడం మానేసింది. ల్యాబులో ఆ వారం ఆమె చెక్కిన పళ్ళు రెండు విరిగాయి.

ఇంతలో అబూ మన్సూర్ స్వయంగా వచ్చాడు, ఆమె కోసం కాదు. తమామ్‌ను స్టేషనుకు తీసుకెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకునే కాగితం మీద సంతకం పెట్టించాలి. కారు దిగకుండానే హారన్ కొట్టాడు. తమామ్ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆ సమయానికి నేను ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆవిడ గొంతు పెంచలేదు గాని ప్రతి మాటా వినబడింది.

"నేను రాను బావగారూ."

మాటిచ్చేశాం కదా అన్నాడతను.

"మీరిచ్చారు. మీ చెయ్యి పెట్టి సంతకం చేసిరండి."

నిన్నెవరు ఎగదోస్తున్నారో నాకు తెలుసని ఇంట్లోకి చూస్తూ అన్నాడు.

"ఎవరూ ఎగదొయ్యలేదు. చెయ్యి రోజూ సలుపుతోంది, అదే చెబుతోంది. నా మాట రెండు ముక్కల్లో వినండి. గుద్దిన పిల్లాడు తనే వచ్చి నన్నడగాలి, పాషాలొద్దు. మీరు జడ్జి ముందు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ రెండూ అయ్యాక హారన్ కొట్టకుండా రండి, వస్తాను."

నలభై ఏళ్ళలో తమ్ముడి భార్య తనకు ఎదురు చెప్పడం అబూ మన్సూర్‌కు అదే మొదటిసారి. కారు వెనక్కి తీయబోయి మా మెట్టుకు తగిలించుకుని మరీ వెళ్ళాడు.

తరవాతి రోజులు అతనికి సుఖంగా గడవలేదని విన్నాం. కువైట్ కంపెనీ ఖైస్‌కు గడువు పెట్టింది. అబూ ఖైస్ వచ్చి కూర్చుని, నేను కారు అడిగానా అన్నా, నువ్వే ఇచ్చావు, ఇప్పుడు ఆ కారు పేరు చెప్పి నా కొడుకు ఇరుక్కున్నాడని ముఖం మీదే అన్నాడట. పదిమంది ముందు ఇచ్చినందుకు దీవించినవాళ్ళే, ఆ ఇచ్చింది నీది కాదట కదా అని షాపుల దగ్గర నవ్వుకోవడం మొదలుపెట్టారు. అతనికి కోపం వచ్చింది. ఆ కోపం తన మీద రావలసింది, తల్లీకూతుళ్ళ మీద వచ్చింది.

ముందుగా వచ్చింది ఖైస్. మిఠాయి డబ్బా పట్టుకుని ఒక్కడే వచ్చాడు. ఎత్తయిన కుర్రాడు, గుమ్మంలో వంగి లోపలికి వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. తమామ్ కూర్చోమంది. ఇబ్తిహాల్ కూర్చోలేదు, తలుపుకు ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తూ ఉంది. తప్పు నాదే పిన్నీ, మన్నించమని అతను నేర్చుకొచ్చినట్టు చెప్పాడు.

"ఫోనులో ఏం చూస్తున్నావు ఆ రోజు?" అని అడిగింది తమామ్.

అతను తల వంచుకున్నాడు. "ఫ్రెండ్ ఒకడు జోకు పంపితే."

"నవ్వొచ్చిందా?"

"లేదు పిన్నీ."

తమామ్ తన చేతి కట్టు చూపించి, దీన్ని బాగా చూసిపో అంది. అతను చూశాడు. చూస్తూ చూస్తూ ఏడ్చాడు, అది మాత్రం నేర్చుకొచ్చిన ఏడుపు కాదని తమామ్ నాతో చెప్పింది. నిన్ను మన్నించాను, కువైట్‌లో అయినా రోడ్డు చూసి నడుపు అని పంపింది. గుమ్మం దగ్గర అతను ఇబ్తిహాల్‌ను కూడా క్షమాపణ అడగబోయాడు. నువ్వడిగావు కాబట్టి నీకు సరే, నీ కంపెనీకి మాత్రం కాదని ఆమె జవాబు.

మంగళవారం అబూ మన్సూర్ కోర్టుకు వచ్చాడు. ఇస్త్రీ చేసిన అంగీ, కొత్త తలగుడ్డ. పెద్దమనుషుల ముందు అన్నీ వదిలేశామన్నది మీరేనా అని కంపెనీ లాయరు అడిగాడు. నేనే అన్నాడు. ఆమె తరఫున, ఆమెకు తెలిసే కదా అని లాయరు అందించాడు. ఆ గదిలో అవునంటే ఒక్క ముక్క, కేసు అక్కడితో ఆఖరు. అవునంటాడనే ఇబ్తిహాల్ నమ్మకం.

అబూ మన్సూర్ గోడ వైపు చూశాడు. "కారు ముట్టుకోవద్దని ఆ పిల్ల ముందు రోజే చెప్పింది," అన్నాడు. "నేను ముట్టుకున్నాను. కారు దానిది."

ఇంకేమైనా చెబుతారా అని జడ్జి అడిగితే లేదన్నాడు. దిగి, ఆమె ముందు నుంచే బయటికి నడిచాడు. ఇబ్తిహాల్ వెంటపడి వరండాలో పెదనాన్నా అని పిలిచింది. అతను ఆగలేదు, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పిలిచినందుకు ఆమెకు తన మీదే ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమే తమామ్ టాక్సీ ఎక్కి స్టేషనుకు వెళ్ళి, ఎడమ చేత్తో సంతకం పెట్టి వచ్చింది. బావగారి హారన్ కోసం ఎదురుచూడలేదు.

నిపుణులు కారును చూశారు, తిరిగిన కిలోమీటర్లు చూశారు, పాతదనం కింద కొంత కోశారు. కంపెనీ వాయిదాల మీద వాయిదాలు అడిగింది. చలికాలం వచ్చేసరికి పందొమ్మిది వందలు తేలింది. అందులో ఫీజులు పోయాయి. హనాదీ ఈలోగా వేరే కారు కొనుక్కుంది. ఇబ్తిహాల్ కారును రుసైఫాలో ఉండే ఒక మాస్టారు తీసుకున్నాడు. వెనక ఎడమ కొసకు దెబ్బ తగిలిందని ఆమె పరీక్షకు ముందే చెప్పింది, దాచి అమ్మడం ఆమెకు చేతకాదు. ల్యాబు తెరిచారు గాని అనుకున్న కొలిమి రాలేదు. పాతది, చిన్నది కొన్నారు.

గెలిచావని అభినందించేవాళ్ళను చూస్తే ఆమెకు చిర్రెత్తుకొస్తుంది. నా వస్తువు నాకు ముప్పాతిక కూడా రాలేదు, అది తెచ్చుకోవడానికి ఏడాదిలో సగం పోయింది, ఇంటి పెద్ద దూరమయ్యాడు, దేన్ని గెలుపంటారని అడుగుతుంది.

పండగ వచ్చింది. అబూ మన్సూర్ రాలేదు, మాంసం పొట్లమూ రాలేదు. మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఇబ్తిహాల్ కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. కోర్టులో నిజం చెప్పాడు కదమ్మా, మనమే ఒకసారి వెళ్ళొద్దామా అంటోంది. తమామ్ నేల మీద కూర్చుని ద్రాక్షాకు చుట్టడానికి ప్రయత్నిస్తోంది. మణికట్టు వంకరగానే అతుక్కుంది. చుట్టినవి చుట్టినట్టే విడిపోతున్నాయి.

"కారు నీదని కోర్టులో ఒప్పుకున్నాడు," అంది ఆవిడ తల ఎత్తకుండా. "చెయ్యి నాదని ఇంకా ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. నీ కోపం తీరితే నువ్వెళ్ళు. నాది తీరలేదు."

ఇబ్తిహాల్ వెళ్ళలేదు. కిటికీ వేసి, వచ్చి తల్లి పక్కన కూర్చుని, విడిపోయిన ఆకులు తన ముందుకు లాక్కుంది.